ఐసు ప్లాంటు అనుభవ పత్రం

మండవల్లి ఐసు ప్లాంటులో నేను పనిచేసిన ఆరేళ్లకీ నా దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. ఎడమ మోచేతి మీద, ఐసు గడ్డకట్టించే అమోనియా గ్యాసు కాల్చిన మచ్చ మాత్రం ఉంది. దాన్ని జిరాక్స్ తీయించి గెజిటెడ్ ఆఫీసరు చేత సంతకం పెట్టించడం కుదరదు కాబట్టి, ఆస్ట్రేలియా వాళ్లకి అది సాక్ష్యం కాదు.

మా నాన్న ఏలూరులో తివాచీలు నేసేవారు. మగ్గం ముందు గంటల తరబడి కూర్చునే ఓపిక నాకు ఏ కోశానా లేదు. అందుకని ఐటీఐలో రిఫ్రిజిరేషన్ చదివి, పాసైన ఏడాదే కొల్లేటి అంచున మండవల్లి దగ్గర ఒక ఐసు ప్లాంటులో మెకానిక్‌గా చేరాను. చెరువుల్లో పట్టిన చేప పాడవకుండా కలకత్తా చేరాలంటే ఐసు కావాలి. నీళ్లు ఐసు కావాలంటే కంప్రెసరు ఆగకుండా తిరగాలి. అది తిరిగేలా చూడడం నా పని. అది ఆగిందంటే లారీ డ్రైవర్ల తిట్లు తినడం కూడా నా పనే. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు, తిరిగి తిట్టేవాణ్ణి.

ప్లాంటు యజమానిది ఉంగుటూరు. వరి పండించుకునే ఆసామి. కొల్లేట్లో చేపలు జోరుగా ఉన్న రోజుల్లో ఈ ప్లాంటు పెట్టి, దాని వెనకే ఇల్లు కట్టుకుని కాపురం ఇక్కడికి మార్చారు. చేరిన రోజు నేను "సార్" అని పిలిస్తే, "సారేంట్రా? నేనేమన్నా స్కూలు పెట్టానా?" అన్నారు. అప్పటినుంచి ఆయన నాకు బాబాయ్ గారు, ఆయన భార్య పిన్ని గారు. నా భోజనం ఆ ఇంట్లోనే. రంజాన్ నెలలో నేను ఉపవాసం ఉంటానని పిన్ని గారు తెల్లవారకముందే లేచి వేడివేడిగా అన్నం వండి పెట్టేవారు. వద్దండీ, రాత్రి మిగిలింది చాలండీ అంటే వినేవారు కాదు. ఆ వంకతో బాబాయ్ గారు కూడా లేచి నా పక్కన కూర్చుని తినేవారు. మళ్లీ పొద్దున్నే టిఫినూ మానేవారు కాదనుకోండి.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. జీతం అనే మాట వాళ్ల నోట రాదు. నెల తిరగ్గానే బాబాయ్ గారు ఒక కవరు నా చేతిలో పెట్టి, "ఇది మీ అమ్మగారికి ఇచ్చిరా" అనేవారు. పిన్ని గారు ఇంకో సంచిలో కొర్రమీనో, కొత్త బియ్యమో సర్దేవారు. పండక్కి పుట్టింటికి పంపినట్టు నన్ను ఏలూరు బస్సెక్కించేవారు. మా వైపు మర్యాద తెలిసిన ఇళ్లలో చాలాచోట్ల ఇదే వరస. పనిచేసే మనిషికి జీతం ఇస్తున్నామని ముఖం మీద అంటే చిన్నబుచ్చినట్టు. నాకూ అది గొప్పగానే ఉండేది. ఆ గొప్పే ఒకరోజు నా నెత్తిమీదకి వస్తుందని నాకేం తెలుసు?

కొల్లేట్లో చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్లు కొట్టేశాక చేప తగ్గిపోయింది, ఐసు అడిగేవాళ్లూ తగ్గిపోయారు. కొన్నాళ్లు చూసి బాబాయ్ గారు ప్లాంటుకి తాళం వేసి ఉంగుటూరు వెళ్లిపోయారు. నేను తాడేపల్లిగూడెంలో ఏసీలు బాగుచేసే ఒక షాపులో చేరాను. పెళ్లయింది, పాప పుట్టింది. వేసవి పోతే షాపులో పని ఉండేది కాదు, వానాకాలమంతా ఈగలు తోలుకునేవాళ్లం. అప్పుడే ఐటీఐలో నాతో చదివినవాడు ఆస్ట్రేలియా నుంచి మెయిల్ పెట్టాడు. మన పని వాళ్లకి కావలసిన పనుల్లో ఉందిరా, కాగితాలు సరిగ్గా పెట్టుకుంటే పెళ్లాం పిల్లలతో సహా వీసా ఇస్తారు, అని.

ఆ కాగితాలు పోగుచేయడానికే నాకు చాలా కాలం పట్టింది. పదో తరగతి మార్కులూ, ఐటీఐ సర్టిఫికెట్టూ పట్టుకుని సంతకం కోసం తిరుగుతుంటే గూడెం పశువుల డాక్టరు గారు గెజిటెడ్ ఆఫీసరని ఎవరో చెప్పారు. వెళ్లేసరికి ఆయన ఒక గేదెకి ఇంజెక్షన్ చేస్తున్నారు. అది అయ్యాక చేతులు కడుక్కుని, నా మార్కులన్నీ ఒకసారి చూసి, "లెక్కల్లో బాగానే వచ్చాయి" అని మెచ్చుకుని ఆకుపచ్చ సిరాతో సంతకాలు పెట్టారు. ఇంగ్లీషు పరీక్షకి మా ఆవిడ నాకు రోజూ పాఠం చెప్పేది. పెళ్లికి ముందు ఆమె ఏలూరులో ఒక కాన్వెంటులో టీచరు. తప్పు చెబితే ఇంట్లో కూడా టీచరే.

వీటన్నిటికంటే ముఖ్యమైనది అనుభవ పత్రం. నాకు పని వచ్చా, ఎక్కడెక్కడ ఎన్నేళ్లు చేశాను అన్నది ముందు అక్కడి ఒక ఆఫీసు తేల్చాలి. వాళ్లు సరే అంటేనే వీసా అప్లికేషన్ ముందుకు కదులుతుంది. గూడెం షాపు యజమాని టీ తాగుతూనే రెండు పేరాలు టైపు చేయించి ఇచ్చేశారు. కానీ షాపు అనుభవం ఒక్కటే చాలదు. మండవల్లి ఆరేళ్లు లెక్కలోకి వస్తేనే నా బండి కదిలేది.

ఉంగుటూరు వెళ్లాను. బాబాయ్ గారు ఎంత సంబరపడ్డారో చెప్పలేను. "ఏం రాయాలిరా?" అని అడిగారు. "నేను మీ దగ్గర ఎలా ఉన్నానో, ఏం చేశానో రాయండి చాలండీ" అన్నాను, తెలివైనవాణ్ణి కదా. ఆయన ఆ రోజుల్లోనే బీఏ చదివినవారు. ఇంకొకరి చేత రాయించడం ఆయనకి నామోషీ. పైన చేప బొమ్మ, కింద ఐసు దిమ్మ బొమ్మ ఉన్న ప్లాంటు లెటర్‌హెడ్ వెతికి తీసి, వీధి అరుగు మీద కూర్చుని, మధ్యాహ్నమంతా ఇంగ్లీషులో రాశారు. అది బస్సులో కూర్చుని చదువుకున్నాను. ఈ అబ్బాయిని మేము ఏనాడూ ఉద్యోగిగా చూడలేదు, ఇతడు మా ఇంట్లో మనిషి, జీతం కోసం కాక సొంత పనిలా చేశాడు, కొడుకు ఉన్నా ఇంతకంటే చూసుకోడు, అని ఉంది. అమోనియా లీకైన రోజు తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని నేను లోపలికి దూరడం కూడా రాశారు. గూడెం వచ్చేదాకా నా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. మర్నాడే నోటరీ చేయించి కొరియర్‌లో వేశాను. ఆరేళ్లకి ఇంతకంటే మంచి సర్టిఫికెట్టు ఏ మెకానిక్‌కి దొరుకుతుంది?

కొన్ని నెలలకి జవాబు వచ్చింది. గూడెం నెట్ సెంటర్‌లో మెయిల్ తెరిచాను. మీరు పంపిన పత్రం ప్రకారం మీరు ఆ సంస్థలో ఉద్యోగి కారని, జీతం తీసుకోలేదని, యజమాని కుటుంబ సభ్యులని అర్థమవుతోంది, కాబట్టి ఆ కాలాన్ని లెక్కించలేము, వేరే ఆధారం ఉంటే ఫలానా తేదీలోగా పంపండి, అని మర్యాదగా రాశారు. నేను మర్యాదగా చదవలేదు. మౌసు తీసి బల్లకేసి కొట్టాను. నెట్ సెంటర్ అతను కొత్త మౌసు డబ్బులు కట్టించుకునే బయటికి పంపాడు.

ఇంటికొచ్చి ఆ ఆఫీసువాళ్లని తిట్టడం మొదలుపెట్టాను. నా పేరు చూసి, ఆయన పేరు చూసి, ఇద్దరం ఒక కుటుంబం ఎలా అవుతామో ఆ మాత్రం తెలియదా వీళ్లకి, అని. మా ఆవిడ పాపకి అన్నం పెడుతూ అంతా విని, "వాళ్ల తప్పేముందండీ? ఉద్యోగి కాదని ఆయనే రాశారు కదా. అది చదివి మీరూ ఏడ్చారు కదా" అంది. అప్పుడు గానీ నా బుర్రకి ఎక్కలేదు. ఈసారి ఏమేం రాయాలో ఆమే ఒక పద్ధతిగా ఇంగ్లీషులో రాసి చేతిలో పెట్టింది. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, వారానికి ఎన్ని గంటలు, ఏమేం పనులు, ఎంత జీతం. చివర ఒక వాక్యం, ఇతనికీ మాకూ ఎలాంటి బంధుత్వమూ లేదు.

మళ్లీ ఉంగుటూరు. బాబాయ్ గారు సంగతంతా విన్నారు.

"అంటే, నువ్వు నా దగ్గర జీతగాడివని రాయమంటావా?" అన్నారు.

"అవునండీ. జీతగాణ్ణే కదండీ."

"ఎవరన్నారా ఆ మాట? మా ఇంట్లో ఎవరన్నా అన్నారా నిన్ను?"

నాకు ఒళ్లు మండింది. గడువు దగ్గరపడుతోంది, ఈయనేమో ఇంకా మర్యాదల దగ్గరే ఉన్నారు. "ఎవరూ అనలేదండీ! అదే నా కొంప ముంచింది. ఆరేళ్లలో ఒక్కసారన్నా అనుంటే బాగుండును!" అని అరిచాను. ఆ ఇంట్లో నేను గొంతు పెంచడం అదే మొదలు. ఆయన ముఖం చిన్నబోయింది. నాకు వెంటనే నోరు కోసుకోవాలనిపించింది.

వంటింట్లోంచి పిన్ని గారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. నన్నేమీ అనలేదు. నేరుగా ఆయన మీదకే వెళ్లారు. "ఏవండీ, మీ ప్రేమ చూపించుకోడానికి మీకు ఆ కాగితమే దొరికిందా? పిల్లాడి బతుకు సంగతి. వాళ్లకేం కావాలో అది రాసివ్వండి. మిగతాది ఇంట్లో చూసుకుందాం."

ఆయన కళ్లజోడు పెట్టుకుని మా ఆవిడ రాసింది వరసగా చదివారు. పనుల దగ్గర తలాడించారు. జీతం దగ్గర గొంతు సవరించుకున్నారు. ఆఖరి వాక్యం దగ్గర వేలు పెట్టి ఆగిపోయారు.

"ఇది తీసేస్తే కుదరదేంట్రా?"

"వాళ్లు అడిగిందే అదండీ."

ఆయన తీసిచ్చిన ప్లాంటు కాగితం మీద నేను బజారులో అదంతా టైపు చేయించుకొచ్చాను. ఆ లెటర్‌హెడ్ మీద మెల్లగా సంతకం పెట్టారు. స్టాంపు వేద్దామంటే ప్లాంటు మూసినప్పటినుంచి ప్యాడు ఎండిపోయి ఉంది. పిన్ని గారు దాని మీద నాలుగు చుక్కలు నీళ్లు చల్లి ఇచ్చారు. నాకు జీతం ఇచ్చినట్టు ప్లాంటు లెక్కలు చూసే ఆడిటరు గారి చేత కూడా ఒక కాగితం ఇప్పిస్తానన్నారు బాబాయ్ గారు. నేను కాగితం ఫైలులో పెట్టుకుని, ఇంకా సిగ్గుతోనే, వెళ్లొస్తానండీ అని లేచాను.

"ఎక్కడికి? కాళ్లు కడుక్కో" అన్నారు బాబాయ్ గారు. "భోజనం పెట్టకూడదని ఆ కాగితంలో ఏమీ లేదు కదా."

పిన్ని గారు ముందు నవ్వారు, తర్వాత నేను. ఆ రోజు గోంగూర, ఎండురొయ్యలు. నేను అరిచిన అరుపు సంగతి ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

కాగితాలు మళ్లీ వెళ్లాయి. ఈసారి ఆరేళ్లూ ఒప్పుకున్నారు. ఆ తర్వాత వీసా అప్లికేషన్, డాక్టరు పరీక్షలు, పోలీసు వెరిఫికేషన్, అన్నీ ఒకదాని వెనక ఒకటి నడిచాయి. వీసా వచ్చిన మర్నాడు పూతరేకులు తీసుకుని, మా ఆవిడా పాపతో ఉంగుటూరు వెళ్లాను. బాబాయ్ గారు పొలం నుంచి ఇంకా రాలేదు. పిన్ని గారు పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"నీకు చెప్పొద్దన్నారు గానీ, ఆ మధ్య ఇక్కడికి ఫోన్ వచ్చిందిరా. వాళ్ల ఆఫీసు నుంచే. అంతా ఇంగ్లీషే. పనుల గురించి అడిగినంతసేపు బాగానే చెప్పారు. ఇంతలో, అతను మీకు బంధువా అని అడిగారంట. కాదండీ, మాకేమీ కాడండీ, అని చెప్పి ఫోన్ పెట్టేశారు. అప్పటికి నేను వడ్డించేశాను. కంచం ముందు కూర్చుని, కలిపిన ముద్ద అలాగే వదిలేసి, లేచి కాలవ గట్టు మీదకి వెళ్లిపోయారు. ఆ పూట తినలేదు. ఏమైందండీ అంటే, నా నోటితో నేనే అనాల్సొచ్చింది కదే, అన్నారు."

మా ఆవిడ నా వైపు చూసింది. కాగితం మీద రాయడానికే అంత బాధపడిన మనిషి, నోటితో చెప్పమని అడిగితే నా కోసం చెప్పారు. చెప్పి, నాకు తెలియకుండా దాచారు కూడా.

అంతలో ఆయన రానే వచ్చారు. కాళ్లకి బురద, భుజం మీద తువ్వాలు. పూతరేకుల డబ్బా చూడగానే సంగతి అర్థమైపోయింది. "వచ్చేసిందా? నే చెప్పలా!" అని పాపని ఎత్తుకోబోయి, చేతుల బురద చూసుకుని ఆగారు. పెద్దవాళ్ల కాళ్లకి దండం పెట్టే అలవాటు మా ఇళ్లల్లో లేదు. ఆ బురద చేతుల్నే నా రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఆ కాగితంలో మనం రాసిన ఆఖరి వాక్యం అబద్ధం బాబాయ్ గారూ" అన్నాను.

"తెలుసులేరా" అన్నారాయన. "సంతకం పెట్టింది నేనే కదా."