తొమ్మిదో దమ్ము

మా ముత్తాత పదహారు ఊళ్ళకు దేశ్‌ముఖ్. మా తాత కోటలాంటి మా గడి దిగి నడిచివస్తుంటే ఎదురైనవాళ్ళు చెప్పులు విప్పి చేత పట్టుకునేవారు. ఆ ఇంటివాణ్ణి నేను. దయ్యాలను మేమెన్నడూ నమ్మలేదు. అవి వెనక వాకిలి నుంచి వచ్చేవాళ్ళ భయాలని నాన్న అనేవారు.

మంత్రసాని పోశవ్వ ఆ వెనక వాకిలి నుంచే వచ్చేది. కడుపులో అడ్డం తిరిగిన మా నాన్నను బయటికి తీసింది ఆమే. "తెల్లారేదాక నా మీద చెయ్యి తియ్యలేదది. గట్టి చెయ్యి" అని నానమ్మ చెప్పేది. ఎప్పుడూ ఆముదం వాసన వేసే ఆ చేతికి చిటికెన వేలు లేదు. బండి చక్రం కింద పోయిందట.

ఇప్పుడు నేను గోదావరిఖనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో టెక్నీషియన్ని. అక్కడ మత్తు డాక్టర్ సునీత. ఎప్పుడో చనిపోయిన పోశవ్వకు మనవరాలు, బొగ్గుబాయి కార్మికుడి కూతురు.

అసూయ అన్న మాట నాకు నచ్చదు. కానీ అది అసూయే. బల్ల మీద పడుకున్న ప్రతి గర్భిణీ ఆమె చెయ్యే వెతుక్కునేది. ఆయా నన్ను "చిన్నదొరా, సిలిండర్ జరుపు" అని ఆటపట్టించినా ఓర్చుకునేవాణ్ణి. సునీత "రావు గారూ" అని మర్యాదగా పిలిస్తే ఓర్చుకోలేకపోయేవాణ్ణి.

ఆ మధ్యాహ్నం రెండో షిఫ్టు సైరన్ మోగిన కాసేపటికి శ్రీరాంపూర్ నుంచి స్రవంతి అనే అమ్మాయిని తెచ్చారు. కడుపులో బిడ్డ గుండె నెమ్మదిస్తోంది. నడుముకు సూది వేసే వ్యవధి లేదు, పూర్తి మత్తు ఇవ్వాలి. మత్తులో ఊపిరి ఆగితే నిండు గర్భిణి ఒంట్లో ఆక్సిజన్ చాలా తొందరగా పడిపోతుంది. అందుకే ముందుగా మాస్కు ముఖానికి బిగించి ఎనిమిది నిండు దమ్ములు పీల్పిస్తాం. అంచున సందు ఉంటే అంతా వృథా. సునీత మాస్కు నా చేతికిచ్చి మందులు అందుకుంది.

"అన్నా, దమ్మాడుతలేదే, తియ్యే," అంది స్రవంతి మాస్కు కిందనుంచి.

"తియ్యద్దు బిడ్డా, నీ పిల్ల కోసం పీల్చు," అంది సునీత. "ఒకటి..."

"లెక్కలు బడిల చెప్పుకోవచ్చు గని, జల్ది కానియ్యి డాక్టరమ్మా," అన్నాడు సర్జన్.

"ఎనిమిదైతేనే సార్."

నాలుగో దమ్ము దగ్గర నాకో కోరిక పుట్టింది. ఒక్కసారి, అందరి ముందూ, ఈమెకు తప్పు జరగాలి. నా వేళ్ళు సడలించాను. మాస్కు అంచు లేచింది. పొరపాటున కాదు.

వెంటనే నా చేతి మీద ఇంకో చెయ్యి పడింది. ఎముకలు తేలిన గరుకు చెయ్యి. మాస్కును కిందికి అదిమింది. సునీత రెండు చేతుల్లోనూ సిరంజిలున్నాయి. నర్సు బల్లకు అవతల ఉంది. నా పక్కన ఎవరూ లేరు. చెయ్యి లాక్కోబోతే రాలేదు. ఆముదం వాసన వచ్చింది.

సునీత "ఎనిమిది" అంది. అప్పుడూ అది వదల్లేదు. స్రవంతి తొమ్మిదో దమ్ము నిండుగా పీల్చాక వదిలింది. నేను పాడుచేసింది ఒక్క దమ్మే.

మత్తెక్కాక సునీత వేసిన ఊపిరి గొట్టం గొంతులో మొదటిసారి పడలేదు. రెండోసారీ పడలేదు. మూడోసారి పడింది. అప్పటికి మానిటర్లో ఆక్సిజన్ అంకె తొంభై ఒకటి దాకా దిగి, అక్కడే నిలిచింది. కాసేపటికి ఆడపిల్ల ఏడ్చింది.

గ్లవ్స్ తీస్తే ఎడమచేతి వెనక ఎర్రటి గుర్తులు. బొటనవేలిది ఒకటి, వేళ్ళవి మూడు.

"ఏమైంది రావు గారూ?"

"సిలిండర్ తగిలింది."

"ఇయ్యాల మీ చెయ్యి గట్టిగుండబట్టే బతికింది ఆ పిల్ల," అంది సునీత.

ఆ మెప్పు నాది కాదని చెప్పలేదు. భయంతో నా చెయ్యే బిగుసుకుపోయిందని చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ నా రెండో చెయ్యి ఆక్సిజన్ మీట మీద ఉంది. ఆ నాలుగు గుర్తులు ఎవరివో ఈనాటికీ చెప్పలేను.

నాన్న పుట్టిన టేకు మంచం ఒక్కటే గడి సామాన్లలో మిగిలింది. పోయిన వేసవిలో దాన్నీ అమ్మేశాను. సునీత వాళ్ళ నాన్న కొన్నాడు.