నిండుకుందండి

మొన్న వైశాఖంలో, నేను దీపం పెట్టి లేస్తుండగా రాజమండ్రి ఆసుపత్రి నుంచి మా మరిది ఫోన్ చేశాడు. "వదినగారూ, ఇక లేదండి" అన్నాడు. మా చిన్నచెల్లెలు పోయిందని నాకు అలా తెలిసింది. గుండె ఆగిందట. యాభై ఏళ్లు కూడా లేవు.

"లేదు" అన్న మాట మా పుట్టింట్లో వినపడేది కాదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. దీపం ఆరిపోతే కొండెక్కిందనాలి. మీ ఇళ్లలోనూ అంటారు. మా అమ్మకు మాత్రం అది వ్రతం. నేను భయంతో నేర్చుకున్నాను, చెల్లెలు ఆడుతూ నేర్చుకుంది. చిన్నప్పుడు ముందు పన్ను ఊడితే, "అక్కా, నా పన్ను నిండుకుంది" అని నోరు తెరిచి చూపించింది. దండించబోయిన అమ్మ కూడా నవ్వేసింది.

పెళ్లయ్యాక, రావులపాలెం దగ్గర అత్తారింట్లో మామిడి తాండ్ర పెట్టడం మొదలుపెట్టింది. చాప మీద మామిడి రసం పొరగా పోయాలి. అది ఎండాక ఇంకో పొర. వేసవిలో పెట్టిందే ఏడాదంతా అమ్ముకోవాలి. ప్రతి పొర మీదా బొటనవేలు నొక్కి చూసేది. ముద్ర పడితే ఆగాల్సిందే. పనిచేసే ఆడవాళ్లు గొణిగితే, "ఎండని మనం తొందరపెట్టలేమే" అనేది. మబ్బు కనపడిందంటే నాకు ఫోన్.

"అక్కా, మీ దేవుడితో ఒక మాట చెప్పు."

"నీకు దేవుడు కాడా?"

"నా మాట వినడక్కా. నువ్వు పాత ఖాతావి."

పూజలో నేను నవ్విన రోజులంటూ ఉంటే అవి దాని వల్లే.

చిన్న వ్యాపారులను బృందంగా దుబాయి తీసుకెళ్లి, అక్కడ కొనేవాళ్లను చూపిస్తామని ఒక ఎగుమతుల సంఘం వాళ్లు వచ్చారు. చెల్లెలి ఆశ పెద్దదేం కాదు. అక్కడ నిలకడగా కొనే వ్యాపారి ఒక్కడు దొరికితే, కౌలుకు తీసుకున్న తోట నిలుస్తుంది, తన దగ్గరి ఆడవాళ్లు పనికోసం వేరేచోటికి పోనక్కర్లేదు. పట్టుచీర కట్టుకుని వెళ్లింది. మెడలో వేసిన గుర్తింపు కార్డుతో ఫోటో దిగి, "మంగళసూత్రం కంటే పొడుగుందక్కా" అని పంపింది.

అక్కడ పెద్ద పెద్ద దుకాణాలున్న ఒకాయన తాండ్ర ముక్క నోట్లో వేసుకుని, ఇప్పుడు సరుకెంత ఉందని అడిగాడు. అది కార్తీకం. చెల్లెలు ఇంట్లో అన్నట్టే, "నిండుకుందండి. మళ్లీ వేసవికే" అంది. మాట ఇంగ్లీషులోకి తిప్పి చెప్పే అమ్మాయి తెలుగుపిల్లే, కానీ పుట్టి పెరిగింది అక్కడే. గిడ్డంగి నిండుగా ఉంది, వేసవికి ఇంకా వస్తుంది అని చెప్పింది. ఆయన చెయ్యి చాపాడు. వేసవికి బేరం కుదిరిందనుకుని చెల్లెలు చెయ్యి కలిపింది. ఫోటో తీశారు.

సరుకు వెంటనే పంపమని ఆర్డరు వచ్చాక గాని సంగతి బయటపడలేదు. ఆ అమ్మాయి ఫోన్లో ఏడ్చింది.

"ఆంటీ, నిండుకుంది అంటే ఫుల్ అనే కదా?"

"నువ్వన్నదే నిజమైతే బాగుండేదమ్మా" అంది చెల్లెలు.

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. నా కోపం ఆ ఫోటోలో ఇద్దరి మధ్యా నిలబడి నవ్వుతున్న బృందం పెద్దాయన మీద. ఆయనది మన గోదావరి జిల్లాయే. ఇంగ్లీషూ వచ్చు, నిండుకోవడమంటే ఏంటో కూడా తెలుసు. చెల్లెలు నిలదీసినప్పుడు నేనూ ఉన్నాను.

"మీరు పక్కనే ఉన్నారు గదండీ. ఆ మాట తప్పని అక్కడే చెప్పొచ్చు గదండీ?"

"చెప్పొచ్చమ్మా. అప్పటికి మన బృందానికి ఒక్క ఆర్డరూ రాలేదు. పేపరువాళ్లకి ఏం చెప్పమంటారు?" అన్నాడు. "అయినా ఊళ్లో తాండ్ర పెట్టేది మీరొక్కరేనా? కొని పంపండి. జిల్లా పరువండి."

నేను వద్దన్నాను. "చెయ్యి కలిపానక్కా" అంది. ఇంటింటికీ తిరిగి కొంది. అన్నింటి మీదా వేలు నొక్కి చూసే తీరిక లేదు. కొన్నింట్లో లోపలి పొర ఆరలేదు. సముద్రం దాటేసరికి బూజు పట్టింది, అంతా పారబోశారు. తోట పోయింది. ఆడవాళ్లు రొయ్యల షెడ్లకు వెళ్లిపోయారు. సంఘం మరో బృందాన్ని తీసుకెళ్లింది. నాణ్యత తప్పితే ఏమవుతుందో చెప్పడానికి మీటింగుల్లో మా చెల్లెలి కథే చెప్పేవారట.

"ఏమ్మా దుబాయి తాండ్రా, విమానం ఎప్పుడూ?" అని ఊళ్లో అడిగేవారు. "పైలట్ ఇంకా పళ్లు తోముకోలేదండి" అనేది. నవ్వడం మానలేదు. ఇంటి ముందు దుకాణంలో, తనొక్కతే పెట్టగలిగినంత తాండ్ర పెట్టి అమ్మింది. కానీ "నిండుకుంది" అన్న మాట మళ్లీ అనలేదు. సరుకు అయిపోతే మొహం మీదే "లేదు" అనేసేది. నేను నొచ్చుకుంటే, "దీన్ని ఎవరూ తిప్పి చెప్పలేరక్కా" అంది.

దినాల్లో పెద్దాయన దండతో వచ్చాడు. ఆ ఫోటోయే పెద్దది చేయించి తెచ్చాడు. "విదేశాల్లో మన రుచి నిలబెట్టిన ఆడపడుచండి" అన్నాడు. మైల ఇల్లు కనక మంచినీళ్లయినా ఇవ్వక్కర్లేకపోయింది. అందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. క్షమించే మనసిమ్మని కూడా రోజూ అడుగుతున్నాను. ఇంకా ఇవ్వలేదు.

కర్మకాండ అయిన మర్నాడు పాలకొల్లు నుంచి ఒకాయన సంచితో వచ్చాడు. ఏటా వచ్చే మనిషే, సంగతి తెలియదు.

"అమ్మగారు లేరాండీ? తాండ్ర ఉందాండీ?"

మా మరిది లేచి లోపలికి వెళ్లిపోయాడు.

"నిండుకుందండి" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. లోపల వెలుగుతున్న దీపం వైపు చూశాడు. చెప్పులు విప్పి, ఖాళీ సంచి గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు.

ఆయన వెళ్లాక పెరట్లోకి వెళ్లాను. చెల్లెలు ఆసుపత్రికి వెళ్లిన పొద్దున పోసిన పొర చాప మీద అలాగే ఉంది, కాగితమంత పలచగా. బొటనవేలు నొక్కి చూశాను. ముద్ర పడలేదు.