సైగల పాఠంలో లేని మాట

దిబ్బూరహళ్ళి బడిలో నేను చెప్పే తరగతికి సైగల భాష నేర్పడానికి ఒకావిడ వచ్చిన రోజున, ఆ భాష అవసరమైన ఒక్క పిల్ల మాత్రం రాలేదు. ఆ పిల్లకు పుట్టుచెవుడు. వాళ్ళింట్లో పట్టుపురుగులు పండి ఉన్నాయి. పండిన పురుగు ఎవరి కోసమూ ఆగదు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఏరి, గూళ్ళు కట్టుకోవడానికి వెదురు తడికల్లాంటి చంద్రికల మీదికి ఎక్కించాలి. ఇంకో రోజు పెట్టుకుందామన్నాను. మళ్ళీ ఎప్పుడు వీలవుతుందో చెప్పలేనంది ఆవిడ. నాకు ఒళ్ళు మండింది. కానీ పిల్లల సంబరం చూసి ఊరుకున్నాను. నమస్కారం, నీళ్ళు, అమ్మ, బాగున్నావా... సాయంత్రానికి అందరికీ వచ్చేశాయి. ఆ పిల్ల రాగానే ముందు నేను పలకరిస్తానంటే నేనని పందేలు వేసుకున్నారు.

అంతవరకు ఆ పిల్లకున్న భాష వాళ్ళ అవ్వతో కలిసి అల్లుకున్నదే. పురుగుల తట్టల మధ్య కూర్చుని ఇద్దరూ రోజంతా చేతులతో కబుర్లాడుకునేవాళ్ళు. అమ్మానాన్నలకు అందులో పనికి సంబంధించిన నాలుగైదు సైగలు తప్ప తెలియవు. మధ్యాహ్నం అవ్వ సంగటి తెచ్చి బడి వరండాలో కూర్చున్నప్పుడు, పిల్ల ఏమంటోందో నేనూ ఆవిడనే అడిగేదాన్ని.

ఆ వారంలోనే అవ్వ పోయింది. మా వైపు శవాన్ని ముట్టినవాళ్ళు పురుగుల ఇంట్లో అడుగుపెట్టరు, పంట చెడిపోతుందని భయం. లోపల ఎవరో ఒకరు ఉండక తప్పదు. ఏడుపులు వినపడని పిల్ల కాబట్టి ఆ పిల్లనే ఉంచి తలుపు మూశారు. అవ్వను తీసుకెళ్ళేటప్పుడు ఆ పిల్ల పురుగులు ఏరుతోందట.

గూళ్ళు మార్కెట్టుకు పోయాక బడికి వచ్చింది. తరగతంతా లేచి ఒక్కసారిగా నమస్కారం సైగ చేసింది. ఆ పిల్ల దాన్ని పట్టించుకోలేదు. చెవి తమ్మె పట్టుకుని కిందికి లాగింది. బరువైన కమ్మలకు సాగిపోయిన చెవులు అవ్వవి, ఆ సైగ ఊరందరికీ తెలుసు. తర్వాత ఖాళీ అరచెయ్యి చాపింది. అవ్వ యాడ?

మేం నేర్చుకున్న వాటిలో దానికి జవాబు లేదు. ముందు బెంచీలో ఒకమ్మాయి, అవ్వ పడుకుందని చెప్పడానికి చెంప కింద చెయ్యి పెట్టబోతే ఆపాను. నిద్రపోయిన పురుగు పొర విడిచి మళ్ళీ లేస్తుందని ఆ పిల్లకు మా అందరికంటే బాగా తెలుసు. అవ్వ కోసం కూడా అలాగే కాచుకుంటుందని భయపడ్డాను.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, పిల్లకు మీరే ఎలాగైనా చెప్పాలని వాళ్ళమ్మను అడిగాను. ఆవిడ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

“సచ్చిన పురుగును ఏరి పారేయమనేదానికి ఒక సైగ ఉండాది మేడం. మాకు తెలిసింది అదొకటే. మా అత్తను అట్ల చెప్పేదానికి చెయ్యెట్లొస్తాది?” అంది.

చింతామణి బస్సులో తిరిగి వస్తుంటే దుఃఖం ఆగలేదు. ఖాళీ మంచం ఆ పిల్ల చూడకుండా ఉంటుందా? తెలిసే ఉంటుంది. తెలిసినా, ఎవరో ఒకరు తనతో ఆ మాట అనాలి కదా.

మర్నాడు ఆ పిల్ల తరగతి తలుపు దగ్గరే నిలబడి మళ్ళీ చెవి తమ్మె లాగి, అరచెయ్యి చాపింది. పందేలు వేసుకున్న పిల్లలందరూ చేతులు బెంచీల కింద దాచుకున్నారు.