యలమందయ్య కుడిచెంప

యలమందయ్య సత్తెనపల్లి డిపోలో బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో కోడిపిల్లను కూడా తొక్కించలేదని పేరు. మిరప, పత్తి వేసే ఇంట్లోనే పుట్టాడు గానీ అరక తోలడం కంటే ట్రాక్టరు తోలడం బాగా పట్టుబడింది. ఆ చేత్తోనే ఆర్టీసీలోకి వచ్చాడు. డ్యూటీ ఉన్న రోజు గడ్డం గీసుకోకుండా, ఇస్త్రీ ఖాకీ చొక్కా తొడుక్కోకుండా గడప దాటేవాడు కాదు. "బస్సెక్కేవాళ్ళు ముందు చూసేది డ్రైవరు మొహమేనే" అనేవాడు భార్య సుబ్బరావమ్మతో.

రెండువేల ఒకటి చలికాలంలో ఆ మొహమే అతనికి దిగులు తెచ్చిపెట్టింది.

అప్పుడు అతనిది మాచర్ల రూటు. పొద్దున్నే బయల్దేరి పిడుగురాళ్ళ మీదుగా పోయి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. పక్క అద్దం మూస్తే ఆవిరి పట్టి దారి కనపడదు. తెరిస్తే చలిగాలంతా కుడిచెంపకే. పిడుగురాళ్ళ దాటేదాకా సున్నపు బట్టీల దుమ్ము, టాపు మీద మిరప బస్తాలుంటే ఆ ఘాటు. కార్తీకం వెళ్ళేసరికి చెంప గరుకు తేలింది. తర్వాత పొట్టు లేచింది, సన్నటి పగుళ్ళు పడ్డాయి. గడ్డం గీస్తుంటే నెత్తురు చుక్కలు.

మురికి పట్టిందనుకుని అతను ఎర్ర సబ్బుతో రెండేసిసార్లు తోమాడు. పటిక రుద్దాడు. అది భగ్గుమంటే పనిచేస్తోందని సంతోషించాడు. పైన ఇంత పౌడరు దట్టించాడు. ఎంత శ్రద్ధ చేస్తే చెంప అంత తెల్లగా, మచ్చలు మచ్చలుగా తయారైంది.

ఒకరోజు రాజుపాలెంలో ఎక్కిన ఒక ముసలమ్మ ఇంజను పక్క సీట్లో కూర్చుని అతనికేసి అదే పనిగా చూసింది.

"నాయనా, బొల్లి మొదలైనట్టుందే. మందేమన్నా వాడుతున్నావా?"

ఆమె మంచికే అడిగింది. కానీ యలమందయ్య చేతిలో స్టీరింగు బరువెక్కిపోయింది. వాళ్ళ ఊళ్ళో బొల్లి వచ్చిన ఒకాయన్ని పెళ్ళిభోజనాల్లో వేరే మూలన కూర్చోబెట్టడం చిన్నప్పుడు కళ్ళారా చూశాడు. ఆయన తలొంచుకుని తినడం గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి చెంప మీదుగా తువ్వాలు చుట్టుకున్నాడు. ఎవరన్నా అడిగితే పన్నునొప్పి అన్నాడు. ఇంట్లో కూడా చెప్పలేదు.

పది రోజులు ఓపిక పట్టింది సుబ్బరావమ్మ. పదకొండో రోజు అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఏందయ్యా, గోడకేసి తిరిగి తింటన్నావు? నా మొహం చూడబుద్ధి కావట్లేదా?"

"నీ మొహానికేమొచ్చిందే. నా మొహమే..." అంటూ తువ్వాలు తీశాడు.

ఆమె గడ్డం పట్టుకుని అతన్ని వాకిట్లో వెలుతురుకి లాక్కొచ్చింది. బొటనవేలితో చెంప రాసింది. పొట్టు రాలింది. "ఇదేందో నాకూ తెలీదు, నీకూ తెలీదు. తెలిసినవాళ్ళకి చూపిద్దాం. రేపు సెలవు పెట్టు."

గుంటూరులో చర్మం డాక్టరు శ్రీదివ్య. చిన్నావిడే. కిటికీ దగ్గర నిలబెట్టి చూసింది, లైటు వేసి చూసింది, సబ్బు సంగతీ పటిక సంగతీ అడిగింది. అన్నీ విని నవ్వింది.

"బొల్లి కాదండీ యలమందయ్య గారూ. చర్మం ఎండిపోయింది, అంతే. గాలి సగం ఎండబెడితే మిగతా సగం మీరే ఎండబెట్టారు."

సుబ్బరావమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అతను మాత్రం నమ్మలేనట్టు చూశాడు.

"మొహానికి సబ్బు మానండి. పటిక, పౌడరు మానండి. రెండు పూటలా గోరువెచ్చని నీళ్ళతో కడుక్కోండి. మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. ఆ తడి ఆరకముందే ఈ క్రీము రాయండి. గడ్డం గీసుకున్నాక కూడా ఇదే. బస్సులో ఆ తువ్వాలు ఉంచుకోండి, మంచిదే. నెల తర్వాత కనపడండి."

"అంతేనా అమ్మా? ఇంజక్షనన్నా పొడవండి."

"అంతేనండి. రోజూ మానకుండా చెయ్యడమే కష్టం."

మందుల షాపులో ఇచ్చిన తెల్లటి ట్యూబుకి వాసనే లేదు. వాసన లేని మందు పనిచేస్తుందా అని దారంతా అనుమానం. ఎందుకైనా మంచిదని మర్నాడు పొద్దున సగం ట్యూబు పిండి మొహానికి మెత్తాడు. డ్యూటీ ఎక్కాక మెడలో వేడిగా ఉందని తువ్వాలు తీసి పక్కన పడేశాడు. పిడుగురాళ్ళ దాటేసరికి దారిలోని సున్నపు దుమ్మంతా వచ్చి ఆ జిడ్డు మీద కూర్చుంది. టీ కోసం ఆగినప్పుడు కండక్టరు గౌస్ బాషా అతన్ని చూసి టిక్కెట్ల పెట్టె కిందపెట్టి మరీ నవ్వాడు.

"అన్నా, నీ మొహానికి వెల్ల ఎవరేశారు? రెండో కోటు కూడా వేయించు!"

ప్రయాణికులు కూడా నవ్వారు. ఎర్రబడ్డ మొహం కడుక్కుని, ట్యూబుని పారేద్దామని జేబులోంచి తీశాడు యలమందయ్య. గౌస్ బాషా చెయ్యి పట్టుకున్నాడు.

"నాతో పన్నునొప్పన్నావు. ఇది పన్నుకి రాసేది కాదే. ఏంది సంగతి?"

పదేళ్ళుగా ఒకే బస్సులో తిరుగుతున్న మనిషి. యలమందయ్య ముసలమ్మ మాట దగ్గర్నుంచి అంతా చెప్పేశాడు. గౌస్ బాషా నవ్వు ఆగిపోయింది.

"డాక్టరమ్మ ఎంత రాయమంది?"

"ఎంతని నేనడగలేదు."

"మా ఇంటిది సఫూరా చంటోడికి ఇట్టాంటిదే రాస్తది. కందిగింజంత. నువ్వు గోడకి రాసినట్టు రాశావు. రేపట్నుంచి నేను చూస్తాను, పద."

నిజంగానే చూశాడు. మాచర్ల స్టాండులో గౌస్ బాషా గోరువెచ్చని నీళ్ళ ఫ్లాస్కు తెచ్చేవాడు, యలమందయ్య టీకొట్టు వెనక మొహం కడుక్కుని, అద్దుకుని, రెండు చెంపలకీ నుదుటికీ క్రీము చుక్కలు పెట్టుకుని సమంగా రాసుకునేవాడు. ఎవరూ చూడకుండా చేసేవాడు గానీ అలాంటివి డిపోలో దాగవు. వారం తిరక్కుండానే రెస్టు రూములో తోటి డ్రైవర్లు ఎగతాళి మొదలుపెట్టారు.

"ఒరేయ్, మనోడికి హీరో వేషం వచ్చినట్టుందిరా!"

"వదినగారి ట్యూబు నువ్వెత్తుకొచ్చావా?"

మొదట్లో ఒళ్ళు మండింది. ఒకసారి క్రీము రాయకుండా వెళ్ళాడు కూడా. సాయంత్రానికి చెంప బిగుసుకుపోయి నవ్వితే నొప్పి. నవ్వేవాళ్ళు నవ్వనీ అనుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. పన్నెండో రోజున పొట్టు లేవడం ఆగింది. ఇరవయ్యో రోజున గడ్డం గీసుకుంటే నెత్తురు రాలేదు. అద్దంలో చెంపను తడుముకుని చూసుకున్నాడు. మచ్చలు చాలావరకు కలిసిపోయాయి. సుబ్బరావమ్మ వెనకనుంచి వచ్చి తనూ ఒకసారి తడిమి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పూట గోంగూర పచ్చడిలో ఉల్లిపాయలు ఎక్కువ వేసింది.

పుష్యమాసం చలిలో డ్రైవరు పీరు అతన్ని గ్యారేజీ వెనక్కి పిలిచాడు. అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది అతనే.

"అన్నా, నా పెదాలు, బుగ్గలు చూడు. ఆ ట్యూబు పేరేంది?"

యలమందయ్యకి ఒక మాట అనాలనిపించింది. అనలేదు. "పేరు చెప్తాను గానీ ముందు సబ్బు మానెయ్" అన్నాడు. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మెకానిక్కు కూడా వచ్చారు. ఆ చలికాలం పోయేలోగా రెస్టు రూము కుళాయి దగ్గర మొహం కడిగి గట్టిగా తుడిచేవాడు కనపడితే చాలు, బెంచీ మీదనుంచి యలమందయ్య గొంతు లేచేది: "అద్దరా నాయనా, అద్దు! అది బస్సు అద్దం కాదు!"

నెల తిరిగాక సుబ్బరావమ్మతో కలిసి గుంటూరు వెళ్ళాడు. శ్రీదివ్య చెంప చూసి, "నేను చెప్పింది చెప్పినట్టు చేసినవాళ్ళు తక్కువండీ" అంది. ఆ మాటకి అతను స్కూలు పిల్లాడిలా సిగ్గుపడ్డాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు తోలేది వేరే డ్రైవరు. జీవితంలో అరుదుగా దొరికే కిటికీ సీటు. పెదకూరపాడు వైపు చేలల్లో కళ్ళాల మీద మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. కాసేపు చూశాడు. పక్కన సుబ్బరావమ్మ నారింజకాయ వలిచి తొనలు చేతిలో పెడుతుంటే ఒక్కొక్కటే తిన్నాడు. బ్రేకు ఎప్పుడు వేస్తాడో, గేరు ఎప్పుడు మారుస్తాడో అని పట్టించుకోకుండా, ఆమె భుజానికి తల ఆనించి సత్తెనపల్లి వచ్చేదాకా నిద్రపోయాడు.