నూనె గుడ్డలు, అమ్మమ్మ చుట్ట

నా చిన్నప్పుడు మా మల్కాపురంలో అగ్గిపుల్ల గీయడానికి కూడా పెద్దవాళ్లు అటూ ఇటూ చూసుకునేవారు. వీధి చివర నిలబడితే రిఫైనరీ గొట్టం మీద మంట కనిపించేది. ఆ మంట అక్కడే ఉండాలి, మన వీధిలోకి రాకూడదు అన్నదే అందరి మొక్కు. అలాంటి వీధిలో మా అమ్మమ్మ రోజంతా నోట్లో నిప్పు పెట్టుకుని తిరిగేది. అడ్డచుట్ట కాల్చేది మరి! చుట్ట వెలిగించి, మండే కొసని నోటి లోపలికి తిప్పి, పెదాలు బిగించి కాల్చడం మా ఉత్తరాంధ్ర ముసలమ్మలకి తెలిసిన విద్య. నోట్లో చుట్ట ఉండగానే బియ్యం చెరిగేది, నాకు జడ వేసేది, పక్కింటి వాళ్ల కోడిని అదిలించేది. నాలుక ఒక్కసారి కాలినట్టు కూడా నాకు గుర్తు లేదు.

తాతయ్య పోయాక ఆవిడ మా దగ్గరే ఉండిపోయింది. మా నాన్నకి ఆవిడ అత్తగారే కాదు, సొంత మేనత్త కూడా. అందుకే ఇద్దరి మధ్యా మన్ననల కంటే చనువే ఎక్కువ. నేను ఆవిడ పక్కలోనే పడుకునేదాన్ని. చుట్ట వాసన తగలకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. మా అమ్మకి మాత్రం ఆ వాసన సరిపడదు, ఇంట్లో కాల్చనిచ్చేది కాదు. అందుకని మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మమ్మ పెరట్లో ఉన్న తాటాకు పాకలోకి వెళ్లి, తీరిగ్గా కూర్చుని కాల్చుకునేది.

ఆ పాక మా నాన్న రాజ్యం. నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు, ఇంటికొస్తే చేతికి ఉలీ చిత్రికా ఉండాల్సిందే. ఓడల్లో సరుకు కింద పరిచిన చెక్కలు చవగ్గా దొరికితే సైకిలుకి కట్టుకుని తోసుకుంటూ తెచ్చేవాడు. ఒక వేసవిలో ఆయనకి భోజనాల బల్ల చెయ్యాలని బుద్ధి పుట్టింది. ఏదో ఓడలో నావికులు బల్ల ముందు కూర్చుని తింటుంటే చూశాడట. “కిందన కూకుని తింటే నీకు అరగదేటి?” అని అమ్మ దెప్పేది. నాన్న వినిపించుకునే రకం కాదు.

కొట్లో అమ్మే వార్నిషు అంటే ఆయనకి చిన్నచూపు. చెక్క మీద అద్దం పెట్టినట్టు ఉంటుంది గానీ చెక్క కనబడదు అనేవాడు. నూనె తనే తయారుచేసుకునేవాడు. అవిసె నూనెని సన్నసెగ మీద కాచి, తేనెమైనం ముక్కలు వేసి కరిగించి, పొయ్యికి దూరంగా తీసుకుపోయి, బాగా చల్లారాకే టర్పెంటైన్ పోసేవాడు. అంత జాగ్రత్త మనిషి. ఈసారి బల్ల పెద్దది కదా, త్వరగా ఆరాలని పెయింట్ల కొట్టువాడు ఇచ్చిన పొడి కూడా కాస్త కలిపాడు. ఆ నూనెలో అమ్మ పాత చీరల ముక్కలు ముంచి చెక్కకి పట్టించడం, చెక్క తాగినంత తాగాక మిగిలింది పొడిగుడ్డతో తుడిచెయ్యడం. తుడవకపోతే బల్ల ఎన్నాళ్లయినా జిగురుగానే ఉంటుంది. నన్ను కూడా తుడవనిచ్చేవాడు. పాలిపోయిన ఆ ఓడ చెక్క నూనె తగలగానే తేనె రంగుకి తిరుగుతుంటే నాకు ఒళ్లు మరచిపోయేంత సంబరం.

ఆ రోజు పొద్దున్న బల్ల మొత్తానికి నూనె పట్టించి, తుడిచిన గుడ్డలన్నీ మళ్లీ పనికొస్తాయని ఉండచుట్టి, గోనెసంచిలో కుక్కి, పాక మూలన పెట్టి, నాన్న మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లిపోయాడు. అన్నాలయ్యాక అమ్మమ్మ ఎప్పటిలాగే పాకలో చుట్ట కాల్చుకుని వచ్చి నడుం వాల్చింది. ఎండ మాడ్చేస్తోంది, వీధంతా కునుకు తీస్తోంది. ఎదురింటాయన “అగ్గి! అగ్గి!” అని కేకలు వేస్తే లేచాం. పాక కప్పు అప్పటికే అంటుకుంది.

దేవుడి దయ, కొళాయి వచ్చే వేళ. వీధి జనమంతా బిందెలతో పరుగెత్తుకొచ్చి ఆర్పారు. ఇంటికి అంటుకోలేదు, ఎవరికీ చిన్న బొబ్బైనా రాలేదు. పాక పోయింది. బల్ల ఒక వైపు బొగ్గులా మాడింది. కబురు అంది నాన్న రొప్పుకుంటూ వచ్చేసరికి బూడిద ఇంకా పొగలు కక్కుతోంది, పక్కనే అమ్మమ్మ పారేసిన చుట్టముక్క పడుంది. అంతే, ఆయనకి ఒళ్లు తెలియలేదు.

“ఎన్నిసార్లు సెప్పినాను అత్తా, ఆ సుట్ట ఆర్పీసి పారెయ్యమని! ఇల్లు బుగ్గి సేసీసేదానివి కదా! వీధంతా అంటుకుంటే ఎవులు సమాధానం సెప్తారు?”

వీధి మొత్తం నిలబడి వింది. “ఆర్పీసినానురా, నీళ్లలోన ముంచి మరీ పారీసినాను” అంది అమ్మమ్మ. ఎవరూ నమ్మలేదు. ముసలిదానికి ఏం గుర్తుంటుందిలే అని ఒకరు, మన నోట్లో మట్టి కొట్టేది అని మరొకరు. మా అమ్మ కూడా తల్లి వైపు మాట్లాడలేదు. నాకు నాన్న మీద అంత కోపం అంతకుముందెప్పుడూ రాలేదు.

నాన్నది రాక్షస మనసేం కాదు, భయం అంతే. తను లేని వేళ ఇంట్లో పిల్లలుంటే ఎలా అన్న భయం. బొబ్బిలి దగ్గర ఊళ్లో ఉన్న మా మామయ్యకి కబురు పెట్టారు, ఆదివారం వచ్చి వాళ్ల అమ్మని తీసుకుపొమ్మని. కొన్నాళ్లకే అన్నారు గానీ, ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లో నాకు తెలుసు. అమ్మమ్మ ట్రంకు పెట్టెలో బట్టలు సర్దుతుంటే నేను వాటిని మళ్లీ బయటికి తీసేసేదాన్ని.

నన్ను ఎక్కువ భయపెట్టింది పెట్టె కాదు. అమ్మమ్మ చుట్ట మానేసింది. వీధి కొళాయికి వెళ్లడం మానేసింది. పొయ్యి ఆరిందో లేదో చూసొచ్చి, మళ్లీ లేచి చూసేది. “ఓలే గుంటా, నాను దీపం ఆర్పీసేనా?” అని నన్ను అడిగేది. ఆర్పావు అమ్మమ్మా అంటే నమ్మేది కాదు. శనివారం సాయంత్రం నా తల నిమురుతూ, “ఆర్పీసినాననే అనుకున్నానే. ఆర్పనేదేటో. మతి పోతంది నాకు” అంది. నేను ఏడ్చేశాను. తను చెయ్యలేదని గట్టిగా చెప్పిన మనిషి, నలుగురూ అనేసరికి చేశాననే అనేసుకుంది.

ఆదివారం పొద్దున్న నాన్న మాడిన వైపు చిత్రిక పట్టి, కొత్త చెక్క అతికించి, బల్లకి మళ్లీ నూనె పట్టించాడు. ఈసారి పెరట్లో, మునగచెట్టు నీడలో. తుడిచిన గుడ్డలు ఇనపబాల్చీలో పడేసి, కాళ్లు కడుక్కుని చద్దన్నం తిన్నాడు. మామయ్య బస్సు దిగి వచ్చాడు. ఆయనతో కాసేపు మాట్లాడి, ఇంకోసారి తుడుద్దామని నాన్న బాల్చీలో చెయ్యి పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే వెనక్కి తీసేసుకున్నాడు.

నేను దగ్గరే ఉన్నాను. నాన్న మళ్లీ చెయ్యి పెట్టాడు, ఈసారి మెల్లిగా, జ్వరం చూసినట్టు. నన్ను కూడా పెట్టి చూడమన్నాడు. పైగుడ్డ చల్లగానే ఉంది. లోపల మాత్రం అన్నం గిన్నెలా కాలుతోంది. బాల్చీ నీడలో ఉంది, దరిదాపుల్లో పొయ్యి లేదు. నాన్న మొహంలో రంగు మారిపోయింది. మిగిలిన గుడ్డలు కూడా పైన కుక్కి, బాల్చీని పెరటి మధ్యకి లాగాడు. పక్కన ఇంకో బాల్చీ నిండా ఇసుక పెట్టాడు. తర్వాత వీధిలోకి వెళ్లి, ఆ రోజు మంట ఆర్పడానికి వచ్చిన వాళ్లందర్నీ ఇంటింటికీ వెళ్లి పిలుచుకొచ్చాడు. అమ్మమ్మ రానంటే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పీట వేసి కూర్చోబెట్టాడు. ఎవరి దగ్గరున్న అగ్గిపెట్టెలు వాళ్ల చేత అరుగు మీద పెట్టించాడు.

“ఏటి బావా, గారడీ సేత్తన్నావా? టిక్కెట్టెంతేటి?” అన్నాడు ఎదురింటాయన. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు.

ఎంతసేపని కూర్చుంటారు! కొంతమంది పొయ్యి మీద కూర ఉందని లేవబోయారు. “కూకోండి, ఈ ఒక్కపాలికి నా మాట ఇనండి” అని నాన్న బతిమాలాడు. మామయ్య బస్సు వేళ అవుతోందని గొణిగాడు. అమ్మమ్మ తల వంచుకుని, మళ్లీ తన తప్పేదో బయటపెడుతున్నారన్నట్టు కొంగు నులుముకుంటూ కూర్చుంది. నాన్న ఏం చూపిస్తాడో నాకూ సరిగ్గా తెలియదు. అయినా నాకు తెలిసిన దేవుళ్లందరికీ దండాలు పెట్టుకున్నాను.

ముందు వాసన వచ్చింది, మూకుట్లో నూనె మాడినట్టు. తర్వాత బాల్చీలోంచి సన్నగా పొగ లేచింది. ఒకామె “ఓలమ్మ!” అని నోరు నొక్కుకుంది. నాన్న పొడుగాటి కర్రతో పైగుడ్డ ఎత్తాడు. లోపల ఎర్రగా కణకణలాడుతోంది. గాలి తగలగానే భగ్గున మంట లేచింది. జనం ఒక్కసారి వెనక్కి జరిగారు. నాన్న ఇసుక బాల్చీ ఎత్తి కుమ్మరించేశాడు.

“ఎవులెట్టేర్రా నిప్పు?” అంది అమ్మమ్మ.

“ఎవులూ ఎట్టనేదత్తా, దానంతటదే అంటుకుంది. ఆరోజూ ఇలగే అంటుకుంది. ఆ గుడ్డలు ఉండసుట్టి సంచిలో కుక్కినోణ్ని నాను. తప్పు నాది. నిన్నన్నాను, ఈళ్లందరి ముందరా అన్నాను. అందుకే ఈళ్లందరి ముందరే సెప్తన్నాను, నాది తప్పు.”

అమ్మమ్మకి ఆ మాట చెవికెక్కినట్టు లేదు. “అయితే నాను కాదా?” అంది.

“కాదు.”

“సుట్ట ఆర్పీసినానా నాను?”

“ఆర్పీసినావత్తా.”

ఆవిడ అలా ఒకసారి అందరి మొహాలూ చూసింది. తర్వాత పీట మీంచి కిందకి జారిపోయి, నేల మీద కూర్చుని భోరుమంది. ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వు. “సచ్చినోడా! నాకు మతి పోయిందనుకున్నాను కదరా!” అని నాన్న వీపు మీద ఒక్కటిచ్చింది. నాన్న ఆ దెబ్బ తిని, కళ్లు తుడుచుకుని, హమ్మయ్య అన్నట్టు పక్కనే కూలబడ్డాడు. నా గుండెల మీంచి పెద్ద బండ దింపినట్టయింది. ఎదురింటాయన అరుగు మీది అగ్గిపెట్టె తీసుకొచ్చి, “ఇదిగో పిన్నీ, ఎలిగించు, నీ సుట్ట మాట నానెత్తను” అన్నాడు. మామయ్య అన్నం తిని ఒక్కడే బస్సెక్కాడు. నేను ట్రంకు పెట్టెలో బట్టలన్నీ తీసి దండెం మీద వేసేశాను.

అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుందని, పరిస్తే ఆ వేడి గాలిలో పోతుందని, ఉండచుడితే లోపలే పెరిగి నిప్పవుతుందని తర్వాతెప్పుడో నాకు తెలిసింది. మా ఇంట్లో మాత్రం ఆ రోజు నుంచే నూనె గుడ్డల్ని నీళ్లలో ముంచి, విడివిడిగా బయట ఆరేసేవారు. నాన్న పోర్టులో తోటివాళ్లకి కూడా ఈ సంగతి తన తప్పుతో సహా చెప్పేవాడు.

ఇప్పుడు ఆలోచిస్తే, నాన్న ఆ వేడి గుడ్డలు చూసి ఇంట్లోకి వెళ్లి, అత్తా నీ తప్పు లేదు అని మెల్లిగా చెప్పినా సరిపోయేదేమో. అమ్మమ్మ క్షమించేసేదే. కానీ వీధి నమ్మేది కాదు. అల్లుడు జాలిపడి అలా అన్నాడనుకుని ఆవిడా నమ్మేది కాదు. ఎంతమంది విన్నారో అంతమందినీ పోగుచేసి మరీ తన మాట వెనక్కి తీసుకున్నాడు కాబట్టే మా అమ్మమ్మకి తన మతి తనకి దక్కింది.

నాకు నోటిదురుసు ఉంది, దాచుకోను. తొందరపడి ఒకర్ని మాట అనేస్తాను, అది కాదని తెలిస్తే ఊరుకోలేను. మొన్న చెవి జూకా కనబడలేదని పనిపిల్లని అందరి ముందూ గట్టిగా అడిగాను. నా దిండు గలీబులో దొరికింది. వంటింట్లోకి పిలిచి చెబితే పోయేదానికి ఇదంతా ఎందుకమ్మా అని మా అమ్మాయి తల పట్టుకుంది. నేను వినలేదు. ఆ పూట విన్నవాళ్లందర్నీ, పక్క వాటాలో వాళ్లతో సహా, హాల్లో కూర్చోబెట్టి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చెప్పాను. తను తియ్యలేదు, తప్పు నాది అని. ఆ పిల్ల ముందు బిక్కమొహం వేసింది. తర్వాత ఊపిరి గట్టిగా వదిలి, “నాను తియ్యనేదని నాకు తెలుసమ్మా. అయినా రేతిరి నా సంచి ఇప్పి సూసుకున్నాను” అంది.