ఆదివారం కలిపిన మాలు

మా ఆయన మెదక్‌లో పేరున్న మేస్త్రీ. ఊళ్లో ఎవరింట్లో బండలు పరవాలన్నా, టైల్స్ వేయాలన్నా ఆయన్నే పిలిచేవాళ్లు. మా ఇంట్లో మాత్రం మట్టినేల. వారం వారం పేడతో అలికేదాన్ని నేను. కోపం రాకుండా ఎట్లా ఉంటుంది?

పనిచేసిన ప్రతి ఇంటినుంచీ పగిలిన టైల్స్ ముక్కలు అడిగి తెచ్చేవాడు. మూలన రంగు రంగుకూ ఒక కుప్ప. మా గదికి పూలనేల వేస్తాడట, పెద్ద చర్చిలో ఉన్నంత అందంగా. ప్రార్థనలో అందరం కళ్లు మూసుకుంటే ఆయన కింద నేలను చూస్తూ కూర్చునేవాడు. ఇంటికొచ్చి ముక్కలు అటూ ఇటూ పేర్చి, నీలం తగ్గిందనేవాడు. నీలం దొరికితే అంచు కుదరలేదనేవాడు. నేలను దిమ్మిసతో కొట్టి చదును చేసి నెలలు గడిచినా తాపీ పట్టింది లేదు. ఆ కుప్పలను చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

ఈలోగా మా పెద్దవాడు ఆ నేలమీదే పాకి, ఆ మట్టే తిని, కడుపుబ్బి దవాఖానలో పడ్డాడు. వాడు బతికి బయటపడేసరికి నాకు సగం ప్రాణం పోయింది. తర్వాత ఆడపిల్ల పుట్టింది. అది బోర్లాపడి ముందుకు జరగడం మొదలుపెట్టగానే నాకు మళ్లీ భయం పట్టుకుంది.

సిమెంటు పర్మిట్ మీద దొరికే రోజులవి. ఎంతో తిరిగితే ఒక్క బస్తా వచ్చింది. వానలు మొదలైతే అది బస్తాలోనే గడ్డకడుతుంది. చెప్పాను, అరిచాను, ఒక పూట అన్నం కూడా పెట్టలేదు. వారమంతా పరాయి ఇళ్ల పని. ఆదివారం మా క్రైస్తవుల ఇళ్లలో ఎవరూ పని ముట్టరు. ఆయనకు అంతకన్నా మంచి సాకు ఏం కావాలి?

ఒక ఆదివారం నేను చర్చి నుంచి ముందే వచ్చేశాను. పిల్లను పక్కింట్లో పడుకోబెట్టి, బస్తా కోసి, ఇసుకలో గుమ్మరించి, నీళ్లు పోశాను. పెళ్లయిన కొత్తలో ఆయన పక్కన కూలికి మాలు కలిపినదాన్నే, నాకేం కొత్త కాదు. ఆయన తెల్లచొక్కాతో గుమ్మంలోకి వచ్చేసరికి మాలు తయారుగా ఉంది.

“నీ చేతులిరగ. బస్తా అంత కలిపినవా? అయితారం పూట?”

“కలిపిన. ఇగ పరుస్తవా, రాయి కానిస్తవా, నీ ఇష్టం” అన్నాను.

ఆయన నామీద చెయ్యెత్తడం అదే మొదలు. కొట్టలేదు. మాలు గట్టిపడుతోంది, ఆ సంగతి మేస్త్రీకి నాకంటే బాగా తెలుసు. చొక్కా విప్పి గోడకు విసిరి, తాపీ పట్టుకుని కూర్చున్నాడు. నేను ముక్కలు అందించాను, ఏది చేతికొస్తే అది. మొదట్లో రంగు కుదరలేదని నామీదికే విసిరాడు. కాసేపటికి విసిరే తీరిక కూడా లేకపోయింది. పువ్వూ లేదు, అంచూ లేదు, ఎరుపు పక్కన ఆకుపచ్చ, దాని పక్కన విరిగిన తెలుపు. పొద్దుగూకేలోగా గది నిండింది. సిమెంటుకు నా అరచేతులు కాలి పొరలు లేచాయి. ఆయన వాటిని చూడలేదు. నేలనే చూసి, దీనిమీద కుక్క కూడా పండదని తిట్టాడు.

నేల ఆరాక పిల్లను దించాను. అది పాకుతూ పోయి, గోళ్లతో గీకి, వేలు నోట్లో పెట్టుకుని, ఏమీ రాకపోయేసరికి ఏడ్చింది. ఆయన పగలబడి నవ్వి, మళ్లీ గీకు బిడ్డా అన్నాడు. నాకు నవ్వు రాలేదు. పెద్దవాణ్ణి దవాఖానకు ఎత్తుకుపోయిన రోజున కూడా ఆ ముక్కలన్నీ ఆ మూలనే ఉన్నాయి.