ఈల జేబులో ఉన్న సాయంత్రం

మంగళవారం పొద్దున ఇడ్లీలు పొయ్యి మీద పెట్టిన కాసేపటికి మసీదు మైకులో ఒక పేరు చదివారు. ఫలానా ఆయన పోయారని, మధ్యాహ్నం నమాజు తర్వాత ఖననమని. మా కాప్రాలో ఇలాంటి ప్రకటనలు వినపడుతూనే ఉంటాయి. చేస్తున్న పని ఆపి వినే అలవాటు నాకు లేదు. తండ్రి పేరుతో సహా రెండోసారి చదివినప్పుడు గానీ అది మా ఎదురింటి మాస్టర్ సాబ్ అని తెలియలేదు. పదహారేళ్లు ఎదురెదురుగా ఉన్నాం. పూర్తి పేరు ఎప్పుడూ అడగలేదు. వీధి మొత్తానికి ఆయన మాస్టర్ సాబ్, నాకు మాస్టారు. పొయ్యి ఆపి గేటు దాటాను.

దుఃఖం ఒక్కటే అయితే ఇది రాసేదాన్ని కాదు. మర్నాడు పేపర్లో ఆయన గురించి నాలుగు వాక్యాలు వేశారు. జనగామ వైపు నుంచి వచ్చిన కబడ్డీ శిక్షకుడని ఒకటి. ఎందరినో పెద్ద జట్లకు పంపారని ఒకటి. 'ఆయన పర్యవేక్షణలో సాగిన ప్రాక్టీసులో ఇద్దరు ఆటగాళ్లు కొట్టుకుని గాయపడడంతో బాధ్యతల నుంచి తప్పించారు' అని ఒకటి. కుటుంబం గురించి ఇంకొకటి. ఒక మనిషి జీవితానికి నాలుగు వాక్యాలు ఇచ్చి, అందులో ఒకటి అబద్ధానికి ఖర్చు పెట్టారు.

ఆ ప్రాక్టీసు ఆయన పర్యవేక్షణలో సాగలేదు. ఆ పావుగంట ఆయన ఎక్కడున్నారో నాకు తెలుసు. ఆరేళ్లు నోరు మూసుకున్నాను, ఆయనే మూయించారు కాబట్టి. ఇప్పుడు ఆయన లేరు. నేనూ ఇక ఆగను.

మాస్టారు పొట్టి మనిషి. మెడలో ఎర్రతాడు, తాడుకి ఒక ఈల, ఈల పక్కన ఒక నెయిల్ కట్టర్. ప్రాక్టీసుకి ముందు అందరినీ గీత మీద నిలబెట్టి "గోర్లు సూపియ్యుండ్రి" అనేవారు. పెద్ద పేరున్న ఆటగాడైనా చేతులు చాపాల్సిందే. పెరిగి ఉంటే ఆయనే కత్తిరించేవారు, చంటిపిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని. మా అమ్మాయి కాలేజీకి వెళ్తూ రంగేసిన గోళ్లతో ఎదురుపడితే, "ఏందమ్మా, ఇవి గోర్లా, కొడవండ్లా? నా టీముల అయితే నిన్ను బెంచ్ మీద కూసోవెడ్తుంటి" అనేవారు. అది నవ్వుకుంటూనే రెండు చేతులూ చాపి చూపించేది.

మా ఇంటికి వస్తే చెప్పులు గుమ్మం బయట, మళ్లీ తొడుక్కోవడానికి వీలుగా వీధివైపు తిప్పి విడిచేవారు. టీ సాసర్లో పోసుకుని తాగేవారు. నన్ను 'చెల్లె' అని పిలిచేవారు. నా గోదావరి మాటకి ఆయన నవ్వితే, ఆయన మాటకి నేను నవ్వేదాన్ని.

ఆరేళ్ల కిందట ఒక ప్రొఫెషనల్ జట్టు మా వీధి చివరనున్న షెడ్డును అద్దెకు తీసుకుని, లోపల మ్యాట్లు పరిచి, క్యాంపు పెట్టింది. జట్టు పేరు నేను రాయను. ఆయన్ని శిక్షకుడిగా పెట్టుకున్నారు. హోటల్ తిండి పిల్లల కడుపులకి పడడం లేదని ఆయన నా దగ్గరికి వచ్చారు.

"చెల్లె, పద్దెనిమిది మంది. రెండు పూటల అన్నం. నూనె తక్కువ, పప్పు ఎక్కువ. అయితదా?"

అవుతుందన్నాను. ఏ పని చేసినా పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. ఏ రోజు ఎంతమందికి పంపాను, ఎవరు ఏం తినరు, ఏ గిన్నె ఖాళీగా వచ్చింది, ఏది నిండుగా తిరిగొచ్చింది అంతా రాసేదాన్ని. అది చూసి ఆయన మురిసిపోయేవారు. "గీ లెక్క మా మేనేజర్ కాడ లేదు. ఎవడెంత ఉరికిండో రాస్తడు గని ఎవడేం తిన్నడో రాయడు."

ఆ జట్టులో ఎడమ మూల నిలబడి పట్టు పట్టే స్థానానికి ఇద్దరు పోటీ. ఒకడు మల్లేశ్, సిద్దిపేట వైపు వాడు, వయసులో పెద్ద. రెండోవాడు శ్రీను, శ్రీకాకుళం నుంచి వచ్చాడు. ఇద్దరూ మంచివాళ్లే. గిన్నెలు తిరిగిచ్చేటప్పుడు కడిగి తెచ్చేది ఆ పద్దెనిమిది మందిలో వాళ్లిద్దరే. ఒకే స్థానానికి పోటీ పడే ఇద్దరినీ మాస్టారు ఒకే గదిలో ఉంచారు. అదేమిటని అడిగితే, "ఎదుటి టీమోడు ఒక్క పూటకే దుశ్మన్. పక్కన పండేటోనితోని దోస్తాన లేకుంటే ఎట్ల?" అన్నారు.

ప్రాక్టీసులో ఆయన పద్ధతి ఒకటి ఉంది. ఈల ఊదకుండా ఎవరూ నడిమి గీత దాటకూడదు. సరదాకి కూడా దాటకూడదు. ఆయన ఈల తీసి జేబులో వేసుకున్నారంటే ఆట లేదని అర్థం, మళ్లీ తాడు మెడలో పడేదాకా మ్యాట్ మీద ఎవరూ ఎవరినీ ముట్టుకోరు. ఎన్నో ఏళ్లుగా ఆయన శిష్యులందరికీ అది తెలుసు. "ప్రాక్టీసుల లొల్లి అయితే ఆటగాండ్ల మొఖాలు సూడకు చెల్లె, ఈల ఎవని చేతుల ఉందో సూడు. తప్పు ఆనిదే" అనేవారు. ఈ మాటనే తర్వాత ఆయన మెడకి చుట్టారు.

కబడ్డీలో బరువుకి హద్దు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. హద్దు దాటితే మ్యాచ్‌లోకి రానివ్వరు. ఆ వారం శుక్రవారం పొద్దున బరువు చూస్తారు, శనివారం మ్యాచ్. నలుగురు ఎక్కువ తూగుతున్నారని మేనేజర్‌కి తెలిసింది. మల్లేశ్, శ్రీను ఆ నలుగురిలో ఉన్నారు. బుధవారం నుంచి వాళ్లకి తిండి ఆపించాడు. నీళ్లు కూడా ఆపించాడు. చెమట కారి బరువు దిగాలని మే నెల ఎండలో రెయిన్‌కోట్లు తొడిగి పరుగెత్తించాడు. నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తూ చూశాను. చుక్క వాన లేదు. నలుగురు కుర్రాళ్లు రెయిన్‌కోట్లలో చెరువు దారి వెంట పడుతూ లేస్తూ పరుగు. నా పుస్తకంలో గురువారం ఇలా ఉంది: 'పద్దెనిమిది పంపాను. నాలుగు వెనక్కి. మజ్జిగ ముట్టలేదు.'

ఆ గురువారం సాయంత్రం నాలుగున్నరకి మాస్టారు మా ఇంటికి వచ్చారు. ఎప్పుడూ లేనిది, చెప్పులు అడ్డదిడ్డంగా విడిచారు.

"చెల్లె, రాగిజావ చెయ్. ఉప్పేసి పల్చగ. శ్రీనుగాడు కండ్లు తిరిగి కూలవడ్డడు."

"మేనేజర్ తిండి ఆపమన్నారటగా మాస్టారూ?"

"ఆని బొంద. బరువు పోతే పోనీ, ఇంకో మ్యాచ్ ఆడుతరు. పాణం పోతే ఏడికెల్లి తేవాలె? పైకెల్లి ఆ ఇద్దర్ని ఇయ్యాల పట్టు పట్టియ్యుమంటడు. ఎవడు నిలవడితే ఆడే శనివారం ఆడుతడంట. ఖాళీ కడుపుతోని ఆట లేదన్న. ఈల జేబుల ఏసుకుని ఒచ్చిన."

నేను పిండి కలిపాను. జావ ఉడికింది. ఆయన క్యాన్ పట్టుకుని నిలబడ్డారు, పోసెయ్యమన్నారు. నేనే ఆపాను. "అంత వేడిది తాగితే నోళ్లు కాలతాయి మాస్టారూ, కాస్త చల్లారనివ్వండి. ఈల మీ దగ్గరే ఉందిగా, ఇంక తొందరేం?" అన్నాను. ఆయనా నమ్మారు. ఈల లేకుండా గీత దాటరని మేమిద్దరం నమ్మాం.

షెడ్డులో మేనేజర్ చప్పట్లు కొట్టి ఆట మొదలుపెట్టించాడు.

ఆ తర్వాతిది ఆటగాళ్లు చెప్పగా విన్నాను. మొదట ఇద్దరూ కదల్లేదట. "ఈల లేదు సార్" అన్నాడట మల్లేశ్. "ఈల కావాలా, కాంట్రాక్టు కావాలా?" అన్నాడట మేనేజర్. రెండో పట్టుకే ఆట పోయి తన్నులాట వచ్చింది. శ్రీను ముందుపళ్లు రెండు ఊడాయి. మల్లేశ్ మణికట్టు విరిగింది. మాస్టారు జావ క్యాన్‌తో గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఇద్దరినీ చెరో మూలా కూర్చోబెట్టి ఉన్నారట. ఆయన క్యాన్ కింద పెట్టి, ఒక్కొక్కరి ముఖం తడిమి చూశారట. ఇద్దరి ఒంటి మీదా ఒక్క గోరు గీత లేదు.

ఎవరో తీసిన వీడియో రాత్రికల్లా ఊరంతా తిరిగింది. ఇక చూడండి జనం తీర్పులు. డబ్బు ఎక్కువై కొవ్వెక్కిందని ఒకరు. ఆంధ్రా తెలంగాణా గొడవని ఒకరు. ఆడేవాళ్లంతా రౌడీలేనని టీవీలో ఒక పెద్దమనిషి. మా ఇంట్లోనే మావారు పేపరు మడుస్తూ, "ఇద్దరూ ఎదిగిన మగాళ్లు. కొట్టుకుంటే తప్పు వాళ్లది కాక ఎవరిది?" అన్నారు.

"రెండ్రోజులు మీకు మంచినీళ్లు కూడా ఇవ్వకుండా, మీ ఉద్యోగం మీదా మీ స్నేహితుడి మీదా పందెం పెట్టి ఒక గదిలో వదుల్తాను. అప్పుడు అడగండి" అన్నాను.

ఎదిగిన మగాళ్లే. చెయ్యి ఎత్తినవాడిదీ తప్పే, కాదనను. కానీ ఆకలి ఎవరు పెట్టారు? ఒక్క స్థానాన్ని ఇద్దరి మధ్య ఎముకలా ఎవరు విసిరారు? చప్పట్లు ఎవరు కొట్టారు? ఈ మూడూ అడగకుండా ఇద్దరు కుర్రాళ్లని తిట్టి వదిలేశారు. ఆఖరికి ఒక పెద్దాయన పేరు చెడగొట్టారు.

విచారణ పెట్టారు. నేను నా పుస్తకం తీసుకుని ఎదురింటికి వెళ్లాను. "పదండి మాస్టారూ, నేనొచ్చి చెబుతాను. మీరు మా ఇంట్లో ఉన్నారు. తిండి ఆపినట్టు రాసి ఉంది" అన్నాను.

ఆయన భార్య, మా అందరికీ భాభీ, ఆశగా ఆయన ముఖంలోకి చూసింది. ఆయన పుస్తకం మూసి నా చేతిలో పెట్టారు.

"లోపల పెట్టు చెల్లె. అది బయటవడితే నలుగురు బరువు ఎక్కువున్నరని తెలుస్తది. కాగితం మీద పేర్లొస్తే కాంట్రాక్టులు పీకేస్తరు. మల్లేశ్‌కు ఇద్దరు చెల్లెండ్లు. శ్రీను ఇంట్ల ఆనిదే సంపాదన. నాదేముంది, ముసలోన్ని."

"మరి మీ తప్పు లేకుండా మీరెందుకు పడాలి?"

"ఇడిసిపెట్టి ఒచ్చింది నేనే గద. ఈల జేబుల ఏసుకునుడు కాదు, ఆడనే నిలవడి ఉండాలె."

భాభీ లోపలికి వెళ్లిపోయింది. ఆమె ఆ తర్వాత చాన్నాళ్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేను ఆయన మాట విని ఊరుకోవడమే తప్పని ఆమెకి అనిపించి ఉంటుంది. నాకూ అనిపించింది. జావ చల్లారనివ్వమన్నది నేను. ఆ సంగతి నేను ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు, రాయకుండానే గుర్తుంది.

విచారణలో తప్పు ఆయనదేనని తేల్చి తీసేశారు. ఆ తర్వాత ఆయన్ని ఏ జట్టూ పిలవలేదు. సాయంత్రాలు కాప్రా చెరువు పక్కన మట్టిలో సున్నంతో గీతలు గీసి వీధి పిల్లలకి నేర్పేవారు. మొదట గోళ్లు చూసేవారు. మల్లేశ్, శ్రీను మాత్రం ప్రతి రంజాన్‌కీ కలిసే వచ్చేవారు. భాభీ సేమ్యా, ఖర్జూరాలు వేసి చేసిన షీర్‌ఖుర్మా శ్రీను కట్టుడుపళ్లతో తింటుంటే మల్లేశ్, "మెల్లగ తినురా, అవి గూడ ఊడినయంటే ఈసారి నా జిమ్మేదారి లేదు" అనేవాడు.

ఆయన పోయిన పదో రోజు ఆ షెడ్డులోనే సంతాప సభ పెట్టారు. మేనేజర్ ముందు వరసలో కూర్చున్నాడు. లేచి మాట్లాడాడు కూడా. "ఒక దురదృష్టకర సంఘటనలో ఆయన పొరపాటు ఉన్నా, ఆయన సేవలను మనం మరువరాదు" అన్నాడు. క్షమించేస్తున్నాడు! భర్త పోయాక గడప దాటకూడని రోజులైనా భాభీ వచ్చి, ఆడవాళ్ల వరసలో తలవంచుకుని కూర్చుంది.

నేను లేచాను. సభల్లో మాట్లాడిన మనిషిని కాదు. పుస్తకం తెరిచి, ఆ గురువారం నాటి మూడు ముక్కలూ చదివాను. "ఆ రోజు చప్పట్లు కొట్టిందెవరో మీరే చెప్పండి" అన్నాను.

"అమ్మా, పోయినాయన పేరు మీద ఇప్పుడీ రచ్చ ఎందుకండీ?" అన్నాడు మేనేజర్.

"ఆయన పేరు మీద రచ్చ ఇప్పుడు చేసింది మీరు. నేను తుడుస్తున్నాను."

వెనక నుంచి మల్లేశ్ లేచాడు. ఆట మానేసి ఇప్పుడు ఒక బడిలో పిల్లలకి ఆటలు నేర్పుతున్నాడు. "అక్క చెప్పింది నిజం. రెండు దినాలు నీళ్లు ఇయ్యలే మాకు. ఈల లేదంటే కాంట్రాక్టు అన్నడు" అన్నాడు. శ్రీను లేచి నిలబడ్డాడు. మల్లేశ్ మణికట్టు పట్టుకున్నాడు, ఆ విరిగిన మణికట్టే. మూలనుండే ఆటగాడు పక్కవాణ్ని అలా పట్టుకోవాలని మాస్టారు నేర్పిన పట్టు అది. మేనేజర్ ఫోన్ వచ్చినట్టు బయటికి వెళ్లాడు. భాభీ తల ఎత్తింది.

ఇంటికొచ్చాక ఆమె ఒక కాగితం తెచ్చి నాకిచ్చింది, విచారణలో ఆయన రాసిచ్చిన దాని నకలు. 'ఘర్షణ సమయంలో శిక్షకుడు ఎక్కడ ఉన్నారు?' అని ఒక ప్రశ్న. కింద ఆయన వంకర అక్షరాలతో 'హాల్‌లో లేను' అని రాసి సంతకం పెట్టారు.

మిగతా జవాబు నేను రాస్తున్నాను. ఆయన మా వంటింట్లో ఉన్నారు. బేసిన్‌లో నీళ్లు, నీళ్లలో జావ గిన్నె. ఆయన వంగి నా విసనకర్రతో గబగబా విసురుతున్నారు, నిమిషానికోసారి వేలు ముంచి చూస్తున్నారు. "ఇంకా ఎంతసేపు చెల్లె?" అంటున్నారు. వంగినప్పుడల్లా చొక్కా జేబులోంచి ఎర్రతాడు జారుతోంది, ఈల నెయిల్ కట్టర్‌కి తగిలి సన్నగా చప్పుడవుతోంది, ఆయన ఎడమచేత్తో దాన్ని మళ్లీ లోపలికి తోసుకుంటున్నారు.